తొమ్మిదో ప్రశ్నకి ‘అవును’ అంటే?

మానసిక ఆరోగ్యం మీద సర్వే అనగానే మా కమ్యూనిటీ హెల్త్ స్టూడెంట్స్‌కి ఎక్కడలేని హుషారు వస్తుంది. బీపీ, షుగర్ సర్వేలతో విసిగిపోయి ఉంటారు మరి. "మేడమ్, ఫారాలు ఎప్పుడిస్తారు?" అని వెంటపడతారు. ముందు మీరు నాకొక జవాబు చెప్పండి అంటాను. తొమ్మిదో ప్రశ్నకి ఎవరైనా అవునంటే ఏం చేస్తారు?

మేం వాడేది పీహెచ్‌క్యూ-9, డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే తొమ్మిది ప్రశ్నల ఫారం. 2001 నుంచి ఎన్నో దేశాల్లో వాడుతున్నదే. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దిగులు ఎలా ఉన్నాయని అడుగుతుంది. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. చివరిది, తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అన్నది. దాన్ని తీసేద్దామని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అంటారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని వాళ్ల టెన్షన్. అలా జరుగుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. అడిగి, టిక్కు పెట్టుకుని, పక్కింటికి వెళ్లిపోతారేమోనన్నదే నా భయం.

అందుకే ఫారాల కంటే ముందు ఏర్పాట్లు. ఆరోజు ఫోన్ ఎత్తే సూపర్‌వైజర్ ఎవరు? అదే రోజు చూసే డాక్టరు ఎవరు? ప్రాణం తీసుకునే ఆలోచన గట్టిగా ఉన్న మనిషిని ఒంటరిగా వదిలి రాకుండా ఎవరు తోడుంటారు? ఇవి కాగితం మీద పేర్లతో సహా ఉండాలి. ఇంకొకటి, "మీరు చెప్పింది ఎవరికీ చెప్పం" అని గుడ్డిగా మాటివ్వకూడదు. మీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే మా పైవాళ్లకి చెబుతాం అన్న ముక్క, సర్వేకి ఒప్పుకుంటూ వాళ్లు పెట్టే సంతకానికి ముందే వినిపించాలి. పిల్లలు దీన్ని నీళ్లు నమిలినట్టు చెబుతారు. స్పష్టంగా వచ్చేదాకా చెప్పిస్తాను.

ఆ తర్వాత రోల్ ప్లే. నా ట్రైనింగ్‌లో సగం ఇదే. ఒకరు ఇంటర్వ్యూ చేస్తుంటే నేను పిలవని పేరంటంలా పక్కన కూర్చుని, "ఆమెకేమైంది, శుభ్రంగా ఉంది" అని అడ్డం పడుతుంటాను. నన్ను మర్యాదగా బయటికి పంపడం రావాలి. చాలామందికి రాదు, నా ముందే ఫారం మొత్తం నింపేస్తారు. "నిద్ర బాగానే పడుతోంది కదా?" అని అడిగేవాళ్లు కొందరు. అలా అడిగాక కాదని చెప్పడానికి ఎదుటివాళ్లకి ఎంత ధైర్యం కావాలి! ఇంకొందరికి మౌనం భరించడం చేతకాదు. అవతలి మనిషి కళ్లు తుడుచుకుంటుంటే "పర్వాలేదులెండి, అన్నీ సర్దుకుంటాయి" అంటారు. మంచి మనసే, కానీ ఆ మాటతో చెప్పబోయేది కాస్తా గొంతులోనే ఉండిపోతుంది.

సొంత వీధిలో సర్వే చేస్తామంటే ఒప్పుకోను. తలుపులు త్వరగా తెరుచుకుంటాయి, నిజమే. చిన్నప్పటినుంచీ ఎరిగిన పిల్లకి ఎవరు చెప్పుకుంటారు, రాత్రిళ్లు ఏడుస్తున్నానని? చెప్పినా, రేపు ఎదురుపడినప్పుడు ఇద్దరికీ ఇబ్బందే. అందుకని వీధులు మార్చుకోమంటాను. పగలే వెళ్తే పనికిపోయేవాళ్లు లెక్కలోకే రారు కాబట్టి సాయంత్రాలు, సెలవు రోజులు కూడా తిరగాలి. ఇక్కడ గొణుగుడు మొదలు.

"మేడమ్, ఈవిడకి 21, సివియర్ డిప్రెషన్" అంటూ పరిగెత్తుకొస్తారు. కాదమ్మా, అది స్కోరు. 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరు చూడాల్సిన మనిషి అని మాత్రమే తెలుస్తుంది. థైరాయిడ్, రక్తహీనత వల్ల కూడా నీరసం మార్కులు పెరుగుతాయి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయారేమో అడిగారా?

ఇంటర్వ్యూ చేసేవాళ్లలోనూ ఇలాంటివి అనుభవించినవాళ్లు ఉంటారు. కారణం చెప్పకుండా తప్పుకోవచ్చని మొదటిరోజే అందరి ముందూ చెప్పేస్తాను. వాళ్లకి డేటా ఎంట్రీ ఇస్తాను, మార్కులు తగ్గవు.

రిపోర్టు దగ్గర ఒక పేచీ తప్పదు. వయసు, వృత్తి, వీధి మూడూ ఒకే టేబుల్లో పెట్టి, ఒక గడిలో "1" అని వేస్తారు. ఆ వీధివాళ్లకి అది ఎవరో తెలియడానికి పేరెందుకు? అలాంటి గడులన్నీ కలిపేయమంటాను. పోస్టరు బోసిపోతుంది మేడమ్ అంటారు. పోనీ.