పెన్‌డ్రైవ్ ఎవరి దగ్గరుంది?

"రేయ్, ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడు ఎవరి దగ్గరుందిరా?" స్పై సినిమా ఇంటర్వెల్‌లో సమోసా నములుతూ పెద్దనాయన అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే ముందు వరుసలో పిల్లోడు వెనక్కి తిరిగి, "విలన్ దగ్గరుండేది డూప్లికేట్ తాతా" అన్నాడు. పక్కాయన ఒప్పుకోలేదు: "కాదబ్బా, డూప్లికేట్ హీరోది." మూడు వరుసల్లో పంచాయితీ. నిజం చెప్పాలంటే సినిమా కన్నా అదే బాగుంది.

సెకండాఫ్ అంతా పరుగే పరుగు. దెబ్బ ఎవరికి తగిలిందో తెలిసేలోపు ఊరు మారిపోతుంది. ఇప్పుడే బెర్లిన్, కళ్లు తుడుచుకుంటే ఇస్తాంబుల్.

బయటికొచ్చి కొండారెడ్డి బురుజు దగ్గర టీ తాగుతుంటే కుర్రాళ్లందరిదీ ఒకటే మాట: "ఒక్క నిమిషం బోర్ కొట్టలేదు మామా!" పెద్దనాయనకు ఎక్కలేదు. ఆయన లెక్కంతా 1966లో వచ్చిన కృష్ణ 'గూఢచారి 116'తోనే. "అప్పట్లో గూఢచారి పాటలు కూడా పాడేవాడు. మనకు ఊపిరి పీల్చుకునే టైముండేది."

నాకైతే ఆ స్పీడే నచ్చింది. కానీ ఇంట్లో కథ చెప్పమంటే రెండు ముక్కలు రాలేదు. ఫైట్లు చెప్పి తప్పించుకున్నా.

రాత్రి పదకొండున్నరకు ఫోన్. పెద్దనాయనే.

"అది కాదురా, ఆ పెన్‌డ్రైవ్..."