వ్యాసుడికి అచ్చిరాని ఊరు

రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు నుంచే నా డైరీ చివరి పేజీలో ఒక పట్టిక ఉండేది. తిరుపతి, అరుణాచలం, శ్రీశైలం, రాజమండ్రి, మా ఊరు, కాశీ. ఒక్కో ఊరి పక్కన నీళ్లెలా ఉంటాయి, ఆసుపత్రి ఎంత దూరం, తెల్లారుజామున నడిచి వెళ్లేటంత దగ్గర్లో గుడి ఉందా, పిల్లలు విమానం దిగాక ఇంకెన్ని గంటలు ప్రయాణం, ఇవన్నీ రాసుకునేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ల బ్యాంకు ఉద్యోగంలో పదకొండు బదిలీలు. ఏ ఊరికి వెళ్లినా ఆర్డరు వస్తేనే వెళ్లాను. ఒక్క ఊరైనా నేనుగా ఎంచుకోవాలని కోరిక.

పట్టికలో కొట్టివేతలు మా ఆవిడ చేసేది. శ్రీశైలానికి అడ్డంగా గీత గీసి పక్కన ‘రాత్రిపూట గుండెనొప్పి వస్తే?’ అని రాసింది. అరుణాచలం మాత్రం చాలాకాలం నిలిచింది. ఈ మధ్య మనవాళ్లు అక్కడికి ఎంతమంది వెళ్తున్నారో చెప్పక్కర్లేదు, గిరిప్రదక్షిణ దారిలో నడుస్తుంటే చెవిన పడేది సగం తెలుగే. కానీ ఇంటివాడితో అరవంలో బేరమాడలేనని అదీ వదులుకున్నాను. మా ఊరు భీమవరం దగ్గర. చుట్టూ చేపల చెరువులు, తాగే నీళ్లు టిన్నుల్లో కొనుక్కోవాలి. నాన్నగారి ఇంట్లో నా వాటా ఎప్పుడో అన్నయ్యకి రాసిచ్చేశాను. పండక్కి వెళ్లి రావడానికి బాగుంటుంది, అంతే.

చివరికి కాశీ మిగిలింది.

మా పెళ్లిలో కాశీయాత్ర ముచ్చట జరిగినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గొడుగు, చేతికర్ర, పాదుకలు ఇచ్చి నిలబెట్టారు. నాలుగడుగులు వేశానో లేదో బావమరిది వచ్చి గడ్డం పట్టుకుని, బెల్లం ముక్క నోట్లో పెట్టి, “మా అక్కనిస్తాం, కాశీ మానుకోండి బావగారూ” అన్నాడు. మానుకున్నాను. రిటైర్మెంట్ ఫంక్షన్‌లో అతనే భుజం మీద చెయ్యేసి, “ఈసారి నేను ఆపను బావగారూ, వెళ్లండి” అన్నాడు. నవ్వులాటకే అన్నాడు కానీ నా మనసులో అది పడిపోయింది.

పోయిన మార్గశిరంలో వెళ్లాం. కార్తీకం రద్దీ తగ్గుతుందని లెక్క. కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని మనవాళ్లకి ఒక పట్టింపు. తల్లి గర్భంలో తొమ్మిది నెలలున్నాం, ఆ వాసానికి బదులుగా ఇక్కడ తొమ్మిది రాత్రులు ఉంటే మళ్లీ ఆ పని పడదని పెద్దలు చెప్తారు. నాకు ఇంకో ఉద్దేశం కూడా ఉంది. తొమ్మిది రోజులుంటే ఊరు పట్టుబడుతుంది, కేదారఘాట్ వైపు చిన్న ఇల్లు ఏదైనా అద్దెకు దొరుకుతుందేమో చూడచ్చు. ఈ మాట మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడకి తెలుసని తర్వాత తెలిసింది.

మొదటి నాలుగు రోజులూ స్వర్గం. తెల్లారి గంగలో మూడు మునకలు, చలికి పళ్లు టకటకలాడుతుంటే కేదారేశ్వరుడి దర్శనం. మట్టి మూకుడులో మలయ్యో, అదే, మంచులో పెట్టి చిలికిన పాలనురుగు. నోట్లో పెట్టుకుంటే ఏమీ ఉండదు, తీపి మాత్రం మిగులుతుంది. తెలుగులో పిలిస్తే తెలుగులో పలికే పడవవాళ్లు. ‘ఇదే నా ఊరు’ అని డైరీలో రాసి కింద గీత కూడా గీశాను.

ఐదో రోజు మధ్యాహ్నం ఆ గీత చెరిగింది.

ఆరోజు విశ్వనాథుడి దర్శనానికి క్యూ సాగలేదు. ఆ తర్వాత అన్నపూర్ణ, ఆ తర్వాత విశాలాక్షి. విశాలాక్షి గుడికి వెళ్లే సందులో ఒక ఎద్దు అడ్డంగా పడుకుంది. దాన్ని దాటలేక, వెనక్కి రాలేక, వెనక స్కూటర్ హారను. మేం దిగిన సత్రానికి చేరేసరికి రెండున్నర. “భోజనాలు అయిపోయాయండీ” అన్నారు. కాశీలో ఉన్నన్నాళ్లూ బయటి తిండి ముట్టనని నియమం పెట్టుకున్నది నేనే, మరొకరు కాదు. షుగరు మాత్ర పొద్దున్నే వేసుకున్నాను. కాళ్లు వణుకుతున్నాయి. సత్రం మెట్ల మీద నిలబడి పెద్ద గొంతుతో అనేశాను: “ఇదీ ఒక ఊరేనా! దీనికి తోడు ఇక్కడే చచ్చిపోవాలని వస్తారు జనం!”

మా ఆవిడ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. కోపం రాలేదు ఆవిడకి. చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, క్లాసులో పిల్లలకి చదివినట్టే రాగం తీసింది.

ఓ మునీశ్వర! వినవయ్య యున్నయూరుఁ
గన్నతల్లియు నొక్కరూపన్న రీతి
యటు విశేషించి శివుని యర్ధాంగలక్ష్మి
కాశి, యివ్వీటిమీఁద నాగ్రహము దగునె!

పదో తరగతి వాచకంలో ‘భిక్ష’ పాఠం చదివినవాళ్లకి ఈ పద్యం ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. శ్రీనాథుడి కాశీఖండం, ఏడో ఆశ్వాసం. వేదవ్యాసుడంతటివాడు ఏరి కోరి కాశీలో ఉన్నాడు. మధ్యాహ్నం శిష్యులతో భిక్షకు బయల్దేరితే విశ్వనాథుడు పరీక్ష పెట్టాడు. ఏ ఇంటా పిడికెడు మెతుకులు రాలలేదు. ఉపవాసం ఉండి, మర్నాడు మళ్లీ వెళ్లాడు. మర్నాడూ అంతే. అప్పటికి ఆకలి కోపమైంది. భిక్షాపాత్రను నడివీధిలో పగలేసి, ఈ కాశీ జనానికి మూడు తరాల పాటు ధనం, మోక్షం, విద్య లేకుండా పోవాలని శపించబోయాడు. ఆ క్షణంలో ఒక ఇంటి వాకిట్లోంచి మామూలు ఇల్లాలి వేషంలో పార్వతీదేవి పిలిచింది. పిలిచి, అన్నం పెట్టే ముందు ఈ చీవాట్లు పెట్టింది.

మూడు తరాల శాపానికి కారణం రెండు పూటలు తప్పిన తిండి. మన వ్యాసుడు! వేదాలను విభజించినవాడు, భారతం చెప్పినవాడు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలు ఇక్కడ నవ్వేవారట. “నవ్వనిచ్చేదాన్ని, వాళ్లకీ మధ్యాహ్న భోజనం గంట దగ్గర పడేది కదా” అంటుంది మా ఆవిడ.

ఆ పూట అరటిపళ్లు తిని గదిలో పడుకున్నాను కానీ నిద్ర పట్టలేదు. పద్యంలో ఒక మాట తిరుగుతూనే ఉంది. ‘ఉన్నయూరు.’ ఇన్నేళ్లుగా నేను ‘ఉన్న ఊరు, కన్నతల్లి’ అనే మాటను పుట్టిన ఊరి గురించి అనుకుంటున్నాను. పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మైకు పట్టుకున్న ప్రతివాడూ అలాగే వాడతాడు, నేనూ వాడాను. కానీ అమ్మవారు ఆ మాట ఎవరితో అంటోంది? వ్యాసుడితో. వ్యాసుడు కాశీలో పుట్టలేదు. యమునలో ఒక ద్వీపంలో, సత్యవతికి పుట్టాడు, ద్వైపాయనుడని పేరు వచ్చిందే అందుకు. కాశీ ఆయనకి కన్న ఊరు కాదు, కేవలం ఉన్న ఊరు. మనకేమీ పెట్టని రోజున కూడా, ఆ పూట మనం నిలబడి ఉన్న ఊరు. దాన్నే తల్లి అంటోంది ఆవిడ.

ఇది నాకు కొంచెం ఇబ్బందిగానే తోచింది. నేను పదకొండు ఊళ్లలో ఉన్నాను. ఒక్కదాన్నీ తల్లి అనుకోలేదు. ఆదోనిలో ఎండ, ఒక ఏజెన్సీ ఊళ్లో దోమలు, హైదరాబాదులో ట్రాఫిక్. ప్రతిచోటా ‘మూడేళ్లే కదా’ అని రోజులు లెక్కపెట్టుకున్నాను. గోడకి మేకు కొట్టాలన్నా ఆలోచించేవాణ్ణి. తల్లిని తర్వాత వెతుక్కుందాం, ముందు ఉద్యోగం అయిపోనీ అని.

మనవాళ్లెవరైనా ఇక్కడ గీత పన్నెండో అధ్యాయం ఎత్తుకోవచ్చు. ‘అనికేతః స్థిరమతిః’, ఇల్లు అనే పట్టు లేనివాడు, స్థిరమైన బుద్ధి కలవాడు నాకు ఇష్టుడని కృష్ణుడు అన్నాడు కదా, ఏ ఊరైతేనేం అని. నిజమే. కానీ ఇరవై ఏళ్లు కట్టిన ఈఎంఐ మొన్ననే తీరినవాడితో అనికేతుడివి కమ్మంటే కష్టం. నాకు అన్నపూర్ణ చెప్పిన మాటే అందుబాటులో ఉంది. ఆవిడ ఇల్లు వదలమనలేదు. ఉన్నచోట నోరు అదుపులో పెట్టుకుని, చెయ్యి కడుక్కుని, విస్తరి ముందు కూర్చోమంది.

కథ అక్కడితో అయిపోదు. శిష్యులు తినందే తాను తినని వ్రతం తనదని వ్యాసుడు అంటే, వాళ్లందరినీ తీసుకురమ్మని చెప్పి కడుపునిండా పెట్టింది. పెట్టిన తర్వాత శివుడు వచ్చి, కాశీని శపించబోయినవాడికి కాశీలో చోటు లేదు, వెళ్లిపొమ్మన్నాడు. గంగకి అవతలి ఒడ్డున, రామనగర్ వైపు, వ్యాసకాశీ అని ఇప్పటికీ చూపిస్తారు. అష్టమికీ చతుర్దశికీ మాత్రం కాశీలోకి రావచ్చు, మిగతా రోజులు అక్కడినుంచి ఇటు చూస్తూ ఉంటాడని పురాణం. శ్రీనాథుడే అంతకు ముందు రాసిన భీమేశ్వర పురాణంలోనూ ఈ కథ చెప్పి వ్యాసుణ్ణి మన దాక్షారామానికి తీసుకొచ్చాడు. గోదావరి జిల్లావాళ్లకి అది దక్షిణకాశీ. అగస్త్యుడూ కాశీలో స్థిరపడదామనుకున్నవాడే. వింధ్యపర్వతం పొగరు అణచాలని దేవతలు అడిగితే ఏడుస్తూ దక్షిణానికి వచ్చాడు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే అగస్త్యుడిది బదిలీ, వ్యాసుడిది సస్పెన్షన్. మొత్తానికి ఇద్దరికీ కాశీ దక్కలేదు.

కాశీఖండం రాసిన కవికి మాత్రం స్థిరనివాసం దక్కిందా? విజయనగరంలో ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం చేయించుకున్నవాడు, రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డికి కాశీఖండాన్ని అంకితమిచ్చినవాడు, ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకున్నాడని చాటువులు చెప్తాయి. పంటను కృష్ణమ్మ వరద ఎత్తుకుపోయింది, నువ్వులూ పెసలూ పిట్టలు తినేశాయి. ‘బొడ్డుపల్లెను గొడ్డేఱి మోసపోతి, నెట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు’ అని మొత్తుకున్నాడు. అంటే ఆయనా నాలాగే నదీ తీరం, పొలం, ప్రశాంతత అని లెక్కలు వేసుకునే ఉంటాడు. ఆ పద్యంలో బాధ ఉంది, అప్పు ఉంది. బొడ్డుపల్లెకి శాపం మాత్రం లేదు. వ్యాసుడి కథ రాసిన చెయ్యి కదా.

ఏడో రోజు కేదారఘాట్ మెట్ల మీద ఒక ముసలమ్మగారు కలిశారు. రాజమండ్రి పక్కవారు. భర్త పోయాక వచ్చేసి ఇరవై ఏళ్లయిందట. కాశీవాసం గురించి నాలుగు మంచి మాటలు వినొచ్చని పక్కన కూర్చున్నాను. ఆవిడ పావుగంట సేపు పెరుగువాణ్ణి తిట్టారు. నీళ్లు కలుపుతున్నాడు, అడిగితే చలికి తోడుకోలేదంటున్నాడు అని. తర్వాత కోతుల్ని, తర్వాత కరెంటుని, వరదొచ్చి వెళ్లాక మెట్ల మీద మిగిలే ఒండ్రుని. “మరి రాజమండ్రి వెళ్లిపోవాలనిపించదా అమ్మా?” అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూశారు. “ఎందుకు నాయనా? ఇల్లిక్కడుంటే” అన్నారు. పెరుగు గిన్నె తీసుకుని మెట్లెక్కి వెళ్లిపోయారు. నేను సత్రం మెట్ల మీద అరిచిన అరుపుకీ, ఆవిడ సణుగుడుకీ తేడా నాకు అప్పుడు వినిపించింది. తల్లి మీద విసుక్కోవడం ఎవరికీ తప్పలేదు. ఆవిడది విసుగు.

ఇల్లు వెతకలేదు. తొమ్మిదో రాత్రి నిద్ర చేసి, కాలభైరవుడి దగ్గర సెలవు తీసుకుని, నల్లతాళ్లు కట్టించుకుని రైలెక్కాం. కాశీలో ఏదైనా వదిలెయ్యాలి కదా, మా ఆవిడ కాకరకాయ వదిలింది. (ఆవిడకి అది మొదటి నుంచీ పడదు. విశ్వనాథుడికీ తెలిసే ఉంటుంది.) నేను సీతాఫలం వదిలాను. డైరీ పట్టిక గంగలో వదిలేద్దామనుకున్నాను కానీ గంగలో కాగితాలు వెయ్యకూడదని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చాక గంగపూజ, కాశీ సమారాధన చెయ్యాలి. తెచ్చిన గంగ చెంబులకు పూజ చేసి, నలుగురికీ భోజనం పెట్టి, తలా ఒక చెంబు ఇవ్వడం. హైదరాబాదులో మాకెవరున్నారు, మహా అయితే పదిమంది అనుకున్నాను. పిలవాల్సినవాళ్ల పేర్లు రాద్దామని డైరీ తీస్తే ఖాళీగా ఉన్నది ఆ పట్టిక వెనక వైపే. పై ఫ్లాటువాళ్లు. కరోనా అప్పుడు మందులు తెచ్చిపెట్టిన కుర్రాడు. వాచ్‌మన్, అతని భార్య, వాళ్ల ఇద్దరు పిల్లలు. పొద్దున పార్కులో నాతో నడిచే నలుగురు, అందులో ఒకాయన నమాజు చేసుకుని వచ్చి కలుస్తాడు. ఇస్త్రీ చేసే దంపతులు. గుడి పూజారిగారు. బీపీ చూసే డాక్టరమ్మ. మా ఆవిడ దగ్గర పద్యాలు నేర్చుకునే పిల్లలు ఏడుగురు. రాస్తూ పోతే పేజీ నిండింది, పేర్లు నలభై మూడు.

పేజీ చివర మిగిలిన చోట ఆ పద్యం కూడా రాసుకున్నాను. మర్నాడు చూస్తే నేను రాసిన ‘ఈ వీటిమీద’ని ఎర్ర పెన్నుతో కొట్టేసి ‘ఇవ్వీటిమీఁద’ అని దిద్ది ఉంది, అరసున్నాతో సహా. పక్కన మార్కులు కూడా వేసింది, ఐదుకి నాలుగు.

సమారాధన వచ్చే ఆదివారం. వ్యాసుడి శిష్యులందరికీ వడ్డించిన తల్లికి లేని టెన్షన్ నాకు నలభై మూడు మందికే పట్టుకుంది. ఐదు కిలోల పెరుగు సరిపోతుందో లేదో.