గంటగంటకూ రాసిన లెక్క

ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని డాక్టరు చెప్పి రెండేళ్లయినా, రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవడం అరవై దాటినవారికి మామూలేనని సరిపెట్టుకుని నేను మందులు వాడలేదు. కిందటి వానాకాలంలో జలుబు చేస్తే, చెన్నై పెరంబూరులో మా వీధి చివరి మందుల షాపులో బిళ్లలు తెచ్చుకుని మూడు రోజులు వేసుకున్నాను. మూడో రోజు రాత్రికి మూత్రం చుక్కలుగా తప్ప రాలేదు, పొత్తికడుపు బిగిసిపోయింది. కొన్ని జలుబు మందులు ప్రోస్టేట్ పెరిగినవారికి మూత్రాన్ని బంధించగలవని ఆసుపత్రిలో చేరాకే తెలిసింది. అప్పటికి రక్తంలో క్రియాటినిన్, అంటే మూత్రపిండాలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, 6.4కు చేరింది. ఆరోగ్యవంతుడికి అది సుమారు 1.2 దాటదు.

డాక్టరు కాథెటర్, అంటే మూత్రాశయంలోంచి మూత్రాన్ని బ్యాగులోకి తీసే గొట్టం, వేయగానే 1,400 మిల్లీలీటర్లు వచ్చింది. గండం గడిచిందనుకున్నాను గాని, అసలు కాపలా అప్పుడే మొదలైంది. అడ్డు తొలగిన మూత్రపిండాలు కొన్నిసార్లు నీటినీ లవణాలనూ పట్టు లేకుండా వదిలేస్తాయట. ఆ రాత్రి గంటకు 300, 350 చొప్పున బ్యాగు నిండుతుంటే నేను సంతోషించాను, సిస్టర్ మాత్రం వెంటనే డాక్టరుకు ఫోన్ చేసింది. ఆమెది తిరుత్తణి దగ్గర పల్లె, ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. "ఇంత పోతే బీపీ పడిపోతుందయ్యా, ఒంట్లో సోడియం, పొటాషియం తగ్గిపోతాయి" అని చెప్పి, డాక్టరు చెప్పిన మేరకు, పోయినదానిలో సగం సెలైనుగా ఎక్కించింది.

ఆమె కొలిచే తీరు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. గంటగంటకూ చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని, బ్యాగు కొళాయి మొన కొలతగీతల జారు అంచుకు తగలకుండా మూత్రం వంచుకుని, జారును బల్ల మీద పెట్టి, తాను వంగి గీతకు సరిగ్గా కన్ను ఆనించి చూసి, చీటీలో రాసేది. గొట్టం మెలిక పడలేదని వేలితో తడిమి, బ్యాగు నేలకు తాకకుండా, మూత్రాశయం కన్నా కిందనే ఉండేలా మంచానికి తగిలించేది. పైకి ఎత్తితే బ్యాగులోని మూత్రం వెనక్కి వెళ్లి ఇన్‌ఫెక్షన్ తేవచ్చునని మా ఆవిడకు నేర్పింది. రోజూ తెల్లవారి ఆరింటికి, ఒకే తూకం మీద నిలబెట్టి బరువు చూసేది. లోపలి నీటి లెక్కకు బరువే సాక్షి అనేది.

ఆడపిల్ల నన్ను శుభ్రం చేయడమన్న సిగ్గుతో మొదటి రోజు గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆమె తెర లాగి, దుప్పటి కప్పి, చేయబోయే ప్రతి పనీ ముందే చెప్పి చేసింది. మూడో రోజుకు నేనే, "సిస్టరమ్మా, ఇక్కడ కొంచెం మండుతోంది" అని చెప్పగలిగాను. ఆ మాట విని ఆమె గొట్టాన్ని తొడకు అంటించిన ప్లాస్టర్ సడలించి మళ్లీ వేసింది. ఆ లాగుడే మంటకు కారణమని అప్పుడు తెలిసింది. మందుల కన్నా నాకు ధైర్యమిచ్చింది ఆ ఓర్పేనని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

పదో రోజుకు క్రియాటినిన్ 1.7కు దిగింది. నెలన్నర తర్వాత ప్రోస్టేట్ శస్త్రచికిత్స జరిగింది. కాథెటర్ తీసిన నాడు నేను స్వయంగా పోసిన మూత్రం 220 మిల్లీలీటర్లు. ఆ రోజు జారులో గీత చదివింది మా ఆవిడ, సిస్టర్ కొలిచినట్లే వంగి.