గ్రూప్-2 ప్రిపరేషన్, బైపోలార్, ఒక నోట్‌బుక్

ముందే చెప్పేస్తాను, నాకు ఉద్యోగం రాలేదు. ప్రిలిమ్స్ దాటాను, మెయిన్స్‌లో పోయింది. అయినా రాస్తున్నానంటే, నాలాగే బైపోలార్ (మూడ్ విపరీతంగా ఎక్కడం, దిగడం అనే జబ్బు) ఉన్న ఇద్దరు ముగ్గురు "మందులు వేసుకుంటూ చదవగలమా" అని అడిగారు.

మాది ముమ్మిడివరం దగ్గర పల్లె. మొదటిసారి నోటిఫికేషన్ పడగానే నేను చేసిన ఘనకార్యం మందులు మానేయడం. మాత్రలతో బుర్ర మొద్దుబారుతోందని అనుమానం. కొన్నాళ్లకు నా అంత చురుకైనవాడు లేడనిపించింది. రాత్రి మూడింటికి పడుకుని ఆరింటికి లేచేవాణ్ణి, అలసటే లేదు. పాలిటీ నాలుగు రోజుల్లో అయిపోయిందనుకున్నాను. ఆ పుస్తకం ఇంకా ఉంది. ప్రాథమిక హక్కుల దగ్గర ప్రతి లైనూ గీసేశాను, ఎరుపు మీద ఆకుపచ్చ, దాని మీద ఊదా. అందులో ఏది ముఖ్యమో ఇప్పుడు నాకే తెలియదు. నాన్న ఖాతాలో పడిన కొబ్బరికాయల డబ్బు తీసి మూడు కోచింగులకు కట్టేశాను. ఆ తర్వాత రెండు నెలలు మంచం దిగలేదు. హాల్‌టికెట్ కూడా డౌన్‌లోడ్ చేసుకోలేదు.

కాకినాడలో మా డాక్టర్‌గారు తిట్టలేదు. "ఈసారి మానేయాలనిపిస్తే, మానే ముందు నాకు చెప్పు" అన్నారంతే. ఒక నోట్‌బుక్ పెట్టమన్నారు. రోజుకు ఒక్క లైను: ఎన్ని గంటలు నిద్ర, మూడ్ మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా ఎంత, మాత్ర వేశానా లేదా. అర నిమిషం పని. చివరి పేజీలో అమ్మ, నేను, ఆయన కూర్చుని రాసుకున్నాం, వరసగా రెండు రాత్రులు ఐదు గంటల లోపే నిద్రపోతే ఆ రోజే ఫోన్ చేయాలని. అమ్మ ఇంకోటి చేర్చింది, "వీడు రంగు పెన్నులు కొంటే" అని. నవ్వొచ్చింది గానీ, నాకంటే ముందు తెలిసేది ఆవిడకే. మూడ్ ఎక్కుతున్నప్పుడు మనకది జబ్బులా ఉండదు, ప్రిపరేషన్ బ్రహ్మాండంగా సాగుతున్నట్టే ఉంటుంది. రాత్రంతా చదివి ర్యాంకు కొట్టానన్న టాపర్ల మాటలు మనకు పనికిరావు. నిద్ర చెడితే మేనియా, అంటే మూడ్ హద్దు దాటి ఎక్కే దశ, వచ్చే ప్రమాదం ఉంది.

ఇక లిథియం, బైపోలార్‌కు నేను వేసుకునే మాత్ర. చేతులు సన్నగా వణికేవి. మాక్ టెస్టులో ఓఎంఆర్ బబుల్ దాటి గీత బయటికి పోయేది. సొంతంగా సగం మాత్ర చేసుకోకుండా ఈసారి వెళ్లి చెప్పాను. రక్తపరీక్ష చేయించి డోసు కొంచెం మార్చారు. ఆ రక్తం మాత్ర వేసుకున్న 12 గంటలకు ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుని, పొద్దున యానాం వంతెన మీదుగా వెళ్లే బస్సెక్కి, తొమ్మిదికల్లా ల్యాబ్‌లో ఉండేవాణ్ణి. బస్సులో ఎకానమీ బిట్లు. థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు ఆరు నెలలకోసారి.

మే నెలలో మన కోనసీమ ఉక్కపోత తెలిసిందేగా. చెమటకు ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. నీళ్లు తాగండి, ఉన్నట్టుండి ఉప్పు మానేయకండి, వాంతులో విరేచనాలో పట్టుకుంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి. తలనొప్పికి మందుల షాపులో ఐబుప్రోఫెన్ కొనుక్కోవద్దు, దాంతోనూ పెరుగుతుంది. నా డోసు ఎంతని మాత్రం అడగొద్దు. మీది మీ డాక్టర్ చూసి చెప్పాల్సిందే.

డల్‌గా ఉన్న రోజులకు నాకు వేరే టైమ్‌టేబుల్ ఉంది. స్నానం, కాలవగట్టు మీద కాసేపు నడక, పాత పేపర్ నుంచి పది బిట్లు. అంతే, ఆ రోజు చదివినట్టే లెక్క. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం టైమ్‌టేబుల్ అవతల పెట్టి ఇంట్లో చెప్పండి. చెప్పలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, అర్ధరాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మెయిన్స్ ముందు రాత్రి నోట్‌బుక్‌లో ఉన్నది: నిద్ర ఆరున్నర, మూడ్ ప్లస్ 1, మాత్ర వేశాను. మార్కులు తగ్గింది ఎకానమీలో, అది నేను సరిగ్గా చదవకపోవడం వల్లే.

ఏమైనా అడగాలనుకుంటే అడగండి. తొమ్మిదిన్నరకు ఫోన్ అమ్మ చేతికి ఇచ్చేస్తాను, జవాబులు రేపు పొద్దున.