గోడ వైట్‌బోర్డు చిట్టా, 88వ రోజు: మూడు వారాలు నిలిచిన రాత చెరగడం లేదు

నిన్న రాత్రి బోర్డు ఎడమ భాగాన్ని పూర్తిగా చెరిపాను. నల్ల రంగు రాత చాలావరకు పోయింది. మూడు వారాల క్రితం ఎరుపు మార్కర్‌తో గీసిన ఒక బాణం గుర్తు మాత్రం, పొడి గుడ్డతో 30 సార్లు తుడిచిన తరువాత కూడా, లేత గులాబీ నీడగా గోడ మీదే నిలిచిపోయింది. దాని పైన కొత్త సమీకరణం రాస్తే పాత బాణం ఏ పదానికి చెందినదో తెలియక రాసిన నేనే తికమక పడుతున్నాను. అందుకే ఈసారి చిట్టా మొత్తం ఈ నీడల గురించే రాస్తున్నాను.

కొత్తగా చదువుతున్నవారి కోసం కొలతలు మళ్ళీ ఇస్తున్నాను. వెడల్పు 240, ఎత్తు 120 సెంటీమీటర్ల గోడ భాగానికి రెండు పాళ్ళు కలిపి వేసే వైట్‌బోర్డు పెయింట్ వేసి, దానిని 80 సెంటీమీటర్ల చొప్పున మూడు భాగాలు చేశాను. ఎడమ భాగంలో నా సొంత అధ్యయనానికి సంబంధించిన లెక్కలు, ప్రయోగాల ప్రణాళికలు ఉంటాయి. నడిమి భాగంలో ఆ వారం చేయవలసిన పనుల పట్టిక ఉంటుంది. కుడి భాగం ఇంట్లోవాళ్ళ మధ్య మాటల కోసం కేటాయించినది. మా ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దాయన ఉన్నారు కనుక రోజుకు పది పదిహేను సార్లు అక్కడ రాయడం, చెరపడం జరుగుతూనే ఉంటుంది.

ఆశ్చర్యం ఏమిటంటే, అన్నిటికంటే ఎక్కువగా వాడిన కుడి భాగంలో ఒక్క నీడ కూడా లేదు. మరకల్లో ఎక్కువ భాగం అన్నిటికంటే తక్కువసార్లు చెరిపిన ఎడమ భాగంలోనే ఉన్నాయి. ఎక్కువగా రాయడం వల్ల కాదు, రాసినది ఎక్కువ రోజులు నిలిచిపోవడం వల్ల బోర్డు పాడవుతోందన్న అనుమానం నాకు అక్కడే మొదలయింది. పరిశోధన రాతకు ఉన్న స్వభావమే అది. సగంలో ఆగిన లెక్కను ఎవరూ చెరపరు, రేపు పూర్తి చేద్దామని వదిలేస్తారు. 1931లో ఆక్స్‌ఫర్డ్‌లో ఐన్‌స్టీన్ ఉపన్యాసమిస్తూ రాసిన నల్లబల్లను అక్కడి విజ్ఞానశాస్త్ర చరిత్ర మ్యూజియంలో నేటికీ చెరపకుండా భద్రపరిచారు. మన లెక్కలు అంత గొప్పవి కాకపోయినా, వాటిని చెరపడానికి చెయ్యి రాకపోవడం మాత్రం అందరికీ ఒకటే.

అనుమానాన్ని పరీక్షించడానికి, అంతవరకు ఏమీ రాయని పై అంచు వెంట 48వ రోజున 10 సెంటీమీటర్ల చదరపు గడులు 16 గీశాను. నలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులకు ఒక్కొక్క దానికి నాలుగు గడులు ఇచ్చి, ప్రతి గడిలో ఐదేసి గీతలు గీశాను. ఒక గంటకు ఒక గడిని, ఒక రోజుకు ఇంకొకదానిని, 7 రోజులకు మూడవదానిని, 21 రోజులకు చివరిదానిని పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచాను. టార్చిలైటును పక్కనుంచి వాలుగా వేసి చూసినప్పుడు గీత కనిపించకుండా పోవడానికి ఎన్నిసార్లు తుడవవలసి వచ్చిందో లెక్కపెట్టాను.

గంట తరువాత నాలుగు రంగులూ ఒకటి రెండు తుడుపులకే పోయాయి. ఒక రోజు తరువాత నలుపుకు 2, ఎరుపుకు 3 తుడుపులు పట్టాయి. 7 రోజులకు నలుపు 4, నీలం 5, ఆకుపచ్చ 6, ఎరుపు 9 అయ్యాయి. 21 రోజులకు నలుపుకు 11 తుడుపులు పట్టగా, ఎరుపు 30 దాటినా పోలేదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిస్తే ఎరుపు కూడా చాలావరకు పోయింది కానీ, గులాబీ ఛాయ మిగిలింది.

అసలు చిక్కు ఆ తరువాత బయటపడింది. ఆల్కహాల్‌తో శుభ్రం చేసిన నల్ల గడిలోనే మళ్ళీ నల్ల గీతలు గీసి ఒక్క రోజు ఉంచితే, ఈసారి 2 కాదు, 6 తుడుపులు పట్టాయి. చెరిగే మార్కర్ సిరాలో రంగు గోడకు గట్టిగా అంటుకోకుండా ఆపే జిడ్డు పదార్థం ఒకటి ఉంటుంది. ఆల్కహాల్ ఆ పలుచని జిడ్డును కూడా ఎత్తేసి, పెయింట్‌లోని సన్నని గుంటలను తెరిచి పెడుతోందేమోనని మొదట అనుకున్నాను. ఆ ఊహను సరిచూడటానికి, ఎప్పుడూ రాయని ఒక చోటును ఆల్కహాల్‌తో రెండుసార్లు తుడిచి, ఆరిన తరువాత అదే పరీక్ష చేశాను. అక్కడ నలుపుకు 3 తుడుపులే పట్టాయి. అంటే ఆల్కహాల్ వల్ల కొంత నష్టం ఉన్నా, 2 నుంచి 6కు పెరిగిన మొత్తానికి అది ఒక్కటే కారణం కాదు.

పెయింట్ గట్టిపడకముందే రాయడం మొదలుపెట్టానన్న భయం కూడా చాలాకాలం నన్ను వెంటాడింది. డబ్బా మీద 7 రోజులు ఆగమని ఉండగా నేను 5వ రోజునే రాశాను. కానీ పరీక్ష గడులు గీసింది 48వ రోజున, అదీ అంతవరకు ఎవరూ రాయని చోట. పూర్తిగా ఆరిన పొర మీద కూడా నీడలు పడ్డాయి కనుక ఆ తొందరపాటును ప్రధాన కారణంగా చెప్పలేను.

చివరికి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే, గోడ మీద నారింజ తొక్క లాంటి గరుకుదనం, దాని మధ్య సూదిమొనల్లాంటి గుంటలు కనిపించాయి. నీడ ఉన్న చోట ఎరుపు రంగంతా ఆ గుంటల్లోనే కూర్చుని ఉంది. గోడకు పెయింట్ వేసిన రోజే, మిగిలిన దానిని అదే రోలర్‌తో, నేల మీద పరిచిన ఒక చెక్క పలక మీద వేసి పక్కన పెట్టాను. పలక బల్లపరుపుగా ఉండటం వల్ల పెయింట్ తనంతట తాను సర్దుకుని గుంటలు చాలా తక్కువగా వచ్చాయి. దాని మీద 7 రోజుల ఎరుపుకు 5 తుడుపులే పట్టాయి, గోడ మీద 9 పట్టిన చోట. పలక మీద 21 రోజుల గడులకు ఇప్పటికి 13 రోజులు నిండాయి.

నా అనుమానమంతా ఇప్పుడు స్పాంజి రోలర్ మీద ఉంది. రెండు పాళ్ళ పెయింట్‌లో అది బుడగలు పుట్టిస్తుంది, నిలువు గోడ మీద అవి పగిలి సర్దుకునేలోపే పొర బిగుసుకుంటుంది. ఈ పనికి పొట్టి నూగు ఉన్న మైక్రోఫైబర్ రోలరే సరైనదని నా అభిప్రాయం.

మిగిలినవి సంతృప్తికరంగానే ఉన్నాయి. పనుల పట్టిక గీతలకు మార్కర్ బదులు 3 మిల్లీమీటర్ల వినైల్ టేపు అంటించాక నడిమి భాగంలో నీడల బెడద తగ్గింది. ఎదురుగా ఉన్న దీపం ఆర్పి, కొద్దిగా పక్కకు నిలబడి ఫోటో తీస్తే మెరుపు మచ్చ రావడం లేదు. మార్కర్లలో పైలట్ వారి వి బోర్డు మాస్టర్ నాకు బాగా నచ్చింది. సిరా గొట్టం మార్చుకోవచ్చు, సిరా ద్రవరూపంలో ఉండటం వల్ల గీత చివరివరకు చిక్కగా వస్తుంది.

ముందుగా, గోడ మీద 40 సెంటీమీటర్ల చదరాన్ని 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, కొత్త రోలర్‌తో మరో పొర వేసి 16 గడుల పరీక్షను మళ్ళీ చేస్తాను. అది విఫలమైతే ఎడమ భాగానికి పెయింట్ ఆలోచనే మానుకుంటాను. 4 మిల్లీమీటర్ల గాజు పెట్టాలంటే 80 బై 120 సెంటీమీటర్ల పలక బరువు 9.6 కిలోలవుతుంది. బరువు సంగతి అటుంచితే, గాజు వెనుక తెల్లరంగు ఉంటే రాతకు దాని నీడే పడి అక్షరాలు జంటగా కనిపిస్తాయి, మామూలు అయస్కాంతాలూ దాని మీద నిలవవు. గ్రాఫులు అంటించుకునే నాకు అది పెద్ద లోటు. దాదాపు 800 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చిన ఎనామెల్ పూత ఉన్న ఉక్కు పలక అయితే ఉపరితలం గాజు లాంటిదే, అయస్కాంతాలూ నిలుస్తాయి. దానిని కోస్తే అంచున పూత పెచ్చులూడుతుంది కాబట్టి 90 బై 120 కొలతలోనే తెచ్చి, నడిమి పట్టికను 70 సెంటీమీటర్లకు కుదించి, టేపును జరపవలసి ఉంటుంది. శని, ఆదివారాలను ఒకే గడిలో కలిపితే పట్టిక ఆ వెడల్పులో పడుతుందో లేదో ఈ రాత్రి కాగితం మీద గీసి చూస్తాను.