మళ్ళీ విశేషమా?

శ్రావణమాసం పేరంటంలో తాంబూలం ఇస్తూ ఒకావిడ నా పొట్ట వంక చూసి "ఏమ్మా, మళ్ళీ విశేషమా?" అంది. మా కవలలకి అప్పటికి మూడేళ్ళు. నవ్వేసి ఊరుకున్నాను గానీ, మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు.

నేను లావు కాదు, 56 కేజీలు. అయినా పొద్దున ఐదో నెలలా, రాత్రి అన్నం తిన్నాక ఏడో నెలలా ఉండేది పొట్ట. మంచం మీంచి లేస్తుంటే బొడ్డు పైన నిలువునా గట్టులా ఉబ్బేది. నడుం నొప్పి సరేసరి. "బాలింతప్పుడు నడికట్టు కట్టుకోమంటే విన్నావా" అని అత్తయ్య సాధింపు. సిజేరియన్ కుట్ల మీద ఎలా కట్టుకోను?

విజయవాడలో మొదట వెళ్ళిన క్లినిక్‌లో డాక్టరు నన్ను బల్ల మీద పడుకోమని కూడా అనలేదు. కుర్చీలో ఉన్నదాన్ని అలా చూసి, "లైపో చేసేద్దాం, సంక్రాంతికల్లా ఫ్లాట్" అన్నాడు. లైపో అంటే గొట్టంతో కొవ్వు లాగేయడం. అడ్వాన్సు కట్టేశాం. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు.

మా ఆడపడుచు పోరు పడలేక హైదరాబాద్‌లో ఇంకో డాక్టరమ్మకి చూపించుకున్నాను. ఆవిడ పడుకోబెట్టి, తల మాత్రం పైకెత్తమని, బొడ్డు పైన వేళ్ళు ఆనించారు. మూడు వేళ్ళూ లోపలికి దిగిపోయాయి. "ఇది కొవ్వు కాదమ్మా, కండరాలు మధ్యలో విడిపోయాయి" అన్నారు. బొడ్డు దగ్గర చిన్న హెర్నియా కూడా ఉందట. లైపోతో కొవ్వు పోతుందే గానీ వేలాడే చర్మం, విడిపోయిన కండరం అలాగే ఉంటాయి. టమ్మీ టక్ అంటే వదులు చర్మం కోసి తీసేసి పొట్ట బిగించే ఆపరేషన్. మినీ టమ్మీ టక్‌లో కోత చిన్నది, బొడ్డు కదపరు, కానీ బాగయ్యేది ముఖ్యంగా బొడ్డు కింది భాగం. నా సందేమో పైన. ఇక ఫుల్ అంటే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత, కండరాలు దగ్గరికి లాగి కుట్టడం, పైచర్మంలో బొడ్డుకి కొత్త చోటు.

అంతా చెప్పి, "ముందు ఆరు నెలలు ఫిజియో చెయ్యండి. ఇంకా పిల్లలు కావాలంటే అసలిప్పుడు వద్దు" అన్నారు. చేతికొచ్చిన కేసుని ఇంటికి పంపే డాక్టర్ని అప్పుడే చూశాను. ఫిజియోతో నడుం నొప్పి తగ్గింది, సందు మాత్రం పూడలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు హెర్నియాకే ఇస్తామన్నారు, మిగతాది అందం కోసమట!

చివరికి ఫుల్ టమ్మీ టకే చేయించుకున్నాను. ఆపరేషన్ సంగతి పెద్దగా గుర్తులేదు. గుర్తున్నది ఆ రాత్రే. లోపల చేరే రక్తం, నీరు బయటికి లాగడానికి రెండు పక్కలా డ్రెయిన్ గొట్టాలు, చివర ప్లాస్టిక్ బుడ్లు. ఒంటిగంటకి కుడివైపు బుడ్డి చిక్కటి రక్తంతో నిండిపోయింది. నర్సు వంపేసి వెళ్ళింది. గంట తిరక్కుండా మళ్ళీ నిండింది. పొట్టకి బిగించిన బెల్టు కింద ఆ పక్కంతా రాయిలా బిగుసుకుపోయింది. "ఆపరేషన్ అన్నాక నొప్పి ఉండదా, పడుకోండి" అంది ఆ అమ్మాయి. వార్డంతటికీ ఆ రాత్రి తనొక్కతే అని తర్వాత తెలిసింది. అయినా నా కోపం పోలేదు.

మా అమ్మ చదివింది ఐదో తరగతి. బుడ్డి ఎప్పుడు నిండిందో, ఎన్ని గీతల దాకా వచ్చిందో మందుల చీటీ వెనక రాసుకుంది. అది పట్టుకుని కారిడార్‌లో కేకలు పెడితే గానీ డ్యూటీ డాక్టరు రాలేదు. మూడింటికల్లా డాక్టరమ్మ వచ్చారు. లోపల రక్తం గడ్డకట్టింది, మళ్ళీ థియేటర్‌కి. స్ట్రెచర్ మీద నాకు పిల్లలకన్నా ముందు పేరంటం ఆవిడ గుర్తొచ్చింది. "అందం కోసం పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది" అంటుంది కదా అని. బతికితే దుర్గమ్మకి చీర పెడతానని మొక్కుకున్నాను. పెట్టాను కూడా.

పడుకోబెట్టి, తల ఎత్తించి చూడకుండా ఆపరేషన్ పేరు చెప్పే డాక్టరు దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. రాత్రిపూట వార్డులో ఎవరుంటారో ముందే అడగండి.

ఆరు వారాలు బెల్టు. కొక్కేలు నాకు అందేవి కావు, అత్తయ్యే రోజూ ఊపిరి బిగబట్టమని పెట్టేది. ఒకరోజు తలుపు వేసొచ్చి, చీర కుచ్చిళ్ళు కాస్త కిందికి జరిపి మెల్లగా అడిగింది. "నాకూ లేస్తుంటే ఇలాగే గట్టులా వస్తుందే. నలభై ఏళ్ళయింది. ఆ డాక్టరమ్మకి ఒకసారి చూపిస్తావా?"