ఇంటికి వెళ్ళమన్న పిలుపు

"నీవు నీ యింటివారియొద్దకు వెళ్లి, ప్రభువు నీయందు కనికరపడి, నీకు చేసిన కార్యములన్నిటిని వారికి తెలియజెప్పుము." (మార్కు 5:19)

ఉద్యోగం వదిలి పూర్తికాల సేవకు, అంటే పాస్టరు పనికి వెళ్ళాలా వద్దా అని అడగడానికి వచ్చే యువతీయువకుల చేత నేను ముందు చదివించేది ఈ అధ్యాయమే. యెషయా ప్రవక్తకు పిలుపు అందిన యెషయా 6వ అధ్యాయం వాళ్ళకు ఎలాగూ కంఠతా వచ్చు. "చిత్తగించుము నేనున్నాను నన్ను పంపుము" అనే మాట మీదే చాలామంది సమర్పించుకుని ఉంటారు. గెరాసేనుల దేశంలో సేన అనే దయ్యం వదిలిన మనిషి కథను మాత్రం పిలుపు గురించిన కథగా వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

ఆ అధ్యాయం మొదటి సగంలో యేసును బతిమాలినవాళ్ళు చాలామంది ఉన్నారు. పందుల్లోకి పంపమని దయ్యాలు బతిమాలాయి, సెలవిచ్చాడు. మా ప్రాంతం విడిచి వెళ్ళిపొమ్మని ఊరివాళ్ళు బతిమాలారు, పడవ ఎక్కాడు. నీతోనే ఉండనియ్యమని బాగుపడిన మనిషి బతిమాలాడు. ఆ ఒక్క మనవికే ఆయన ఒప్పుకోలేదు. పోనీ అది తప్పు కోరికా అంటే, కాదు. పన్నెండుమందిని ఆయన ఎందుకు నియమించాడో చెబుతూ మూడో అధ్యాయంలో మార్కు మొదట రాసింది తనతో కూడా ఉండడానికనే. వాళ్ళకు ఇచ్చినదాన్నే ఇతనూ అడిగాడు. సమాధుల్లో రాత్రింబగళ్ళు కేకలు వేస్తూ, రాళ్ళతో ఒళ్ళు కోసుకుంటూ బతికినవాడు ఇప్పుడు బట్టలు కట్టుకుని, తెలివితో, ఆయన ఎదుట కూర్చున్నాడు. ఇక ఆయన్ని వదిలి ఎక్కడికి పోతాడు?

అయినా యేసు వద్దన్నాడు. వద్దని వదిలేయకుండా పని అప్పగించాడు. ఇల్లు, ఇంటివాళ్ళు, అతను గొలుసులు తెంపుకోవడం చూసిన ఊరు, అదే అతని క్షేత్రం. అతను వెళ్ళి దెకపొలి అంతా, అంటే ఆ పది పట్టణాల ప్రాంతమంతా ప్రకటించాడు. రెండు అధ్యాయాల తర్వాత యేసు మళ్ళీ ఆ దెకపొలి ప్రాంతాల మీదుగా వచ్చినప్పుడు, జనం ఒక చెవిటివాణ్ణి తీసుకొచ్చి అతని మీద చెయ్యి ఉంచమని వేడుకుంటారు. వెళ్ళిపొమ్మన్న వైపు నుంచే ఈ వేడుకోలు. మధ్యలో ఏం జరిగిందో మార్కు రాయలేదు. ఆ మనిషి ఊరూరా తిరిగి చెప్పిన సాక్ష్యం వృథా పోలేదని నేను మనసారా నమ్ముతాను.

జాలరులను వలలు వదిలి రమ్మన్నదీ ఆయనే, ఇంటికి వెళ్ళమన్నదీ ఆయనే. మన సంఘాల్లో మాత్రం మొదటిదానికే పిలుపు అనే పేరు పెట్టి, రెండోదాన్ని పిలుపు అందనివాళ్ళ బతుకులా చూస్తున్నాం. కన్వెన్షన్ సభల ఆఖరి రాత్రి, కీబోర్డు మెల్లగా మోగుతుంటే, "పూర్తికాల సేవకు సమర్పించుకునేవాళ్ళు లేచి నిలబడండి" అంటారు. ఆ రాత్రి లేచినవాళ్ళలో దేవుడు నిజంగా లేపినవాళ్ళు ఉన్నారు, నేను చూశాను. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాని టెన్షన్ లేపినవాళ్ళూ ఉన్నారు. కూర్చుంటే దేవుణ్ణి కాదన్నట్టు అవుతుందేమోనన్న భయం లేపినవాళ్ళూ ఉన్నారు. గోపురం కట్టాలనుకునేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు లూకా 14లో చెప్పాడు. లేచి నిలబడిన రాత్రి తర్వాత, కూర్చుని లెక్క చూసుకునే రోజులు కూడా ఉండాలి.

కొందరి విషయంలో తల్లి మొక్కుకుని ఉంటుంది. "వీడు బతికితే నీ సేవకిస్తాను ప్రభువా" అన్న ఆ మాటను నేను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను, అది కన్నీళ్ళతో అన్న మాట. కానీ సమూయేలు తల్లి హన్నా మొక్కుకుని, పాలు విడిచిన బిడ్డను షిలోహులో అప్పగించిన తర్వాత కూడా దేవుడు ఆ బిడ్డను పేరు పెట్టి తానే పిలిచాడు. తల్లి సమర్పణ బిడ్డను మందిరం దాకా తీసుకెళ్ళింది. జవాబు మాత్రం బిడ్డే చెప్పాల్సి వచ్చింది.

బిషప్ అజరయ్య గారి జీవితం ఈ విషయంలో నాకు చాలా నేర్పింది. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు. వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంస్థ కార్యదర్శిగా పనిచేస్తూ, 1903లో తమవాళ్ళతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. మన డబ్బుతో, మన మనుషులతో సువార్త పంపుదాం అన్నారు. వాళ్ళు ఎంచుకున్న క్షేత్రం అప్పటి నైజాం రాజ్యంలోని డోర్నకల్. ఇతరులను పంపే పనిలో కొన్నేళ్ళు గడిపాక, 1909లో తానే డోర్నకల్ వచ్చి, మన తెలుగు నేర్చుకుని, ఇక్కడే స్థిరపడ్డారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన పిలుపు ఒక్క రాత్రిలో తేలింది కాదు, చేస్తున్న పనిలోనే ముదిరింది. ఆయన బాప్తిస్మం తీసుకునేవాళ్ళ చేత తమ తల మీద చెయ్యి పెట్టుకుని, "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాటను పలికించేవారు. వాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల వ్యవసాయ కూలీలు. ఏ బైబిలు కాలేజీ గడపా తొక్కనివాళ్ళు. వరినాట్ల దగ్గరా కోతల దగ్గరా వాళ్ళు చెప్పిన మాట మీదే ఆ ప్రాంతంలో సంఘాలు లేచాయి.

ఇక లెక్క చూసుకోవడం సంగతి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు వచ్చి, "అయ్యగారూ, రిజైన్ చేసేస్తాను, దేవుడు చూసుకోడంటారా?" అన్నాడు.

"చూసుకుంటాడు బాబూ. మీ ఆవిడ ఏమంది?"

"ఇంకా చెప్పలేదండీ."

ముందు ఆమెతో కలిసి ప్రార్థన చేసుకుని, ఇద్దరూ కలిసి రండి అని పంపించాను. సంఘం పిలిచేది ఒక్కడినే అయినా, పాస్టరు భార్యగా అమ్మగారి పని జీతం లేకుండా ఆమె మీద పడుతుంది. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ వస్తుంది. గవర్నమెంటు ఆసుపత్రి మార్చురీ బయట, పోస్టుమార్టం అయ్యేదాకా ఒక తల్లి పక్కన గోడకు ఆనుకుని కూర్చోవాలి. చెప్పడానికి వాక్యం నోటికి రాదు, కూర్చోవడమే సేవ. పొద్దున సమాధి కార్యక్రమం, సాయంత్రం ఇంకో ఇంట్లో నిశ్చితార్థం ప్రార్థన. ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు.

మా సంఘంలో అమ్మలు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి ఇస్తారు. సన్నబియ్యం, రేషన్ బియ్యం, దంపుడు బియ్యం, అన్నీ ఒకే గోనెలో పడతాయి. కొన్ని మెత్తబడతాయి, కొన్ని పలుకుగానే ఉంటాయి. మా పిల్లలు ఆ అన్నం తినే పెరిగారు. కూలికి వెళ్ళే ఆ తల్లి తన కుండలోంచి తీసి ఇచ్చింది తిని, సిద్ధపడకుండా పుల్పిట్ ఎక్కాలంటే నాకు ఇప్పటికీ భయం. ఈ భయం ఒంటికి పడుతుందో లేదో సేవలోకి రాకముందే చూసుకోవాలి.

అది ఎలా తెలుస్తుందంటే, చేసి చూడాలి. దమస్కు దారిలోనే పిలుపు అందుకున్న పౌలు కూడా అంతియొకయ సంఘంలో ఒక సంవత్సరమంతా బోధిస్తూ గడిపాడు. తర్వాత ఆత్మ ఆ సంఘంలోని ప్రవక్తలతో, బోధకులతో మాట్లాడితే, వాళ్ళు ఉపవాసముండి, చేతులుంచి పంపారు. కాబట్టి ఉద్యోగం ఉండగానే సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు తీసుకోండి. మంచం పట్టిన ఒక ముసలమ్మ ఇంటికి వారం వారం వెళ్ళండి. ఎవరూ ఫోటో తీయని ఆ పని నెలలు గడిచినా విసుగు పుట్టించకపోతే, మానేస్తే ఉండలేకపోతే, దాన్ని ప్రార్థనలో పెట్టండి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్ లాంటి సంఘాలు బి.డి. అనే వేదాంత డిగ్రీ చదువుకు పంపే ముందు అభ్యర్థిని పరిశీలిస్తాయి. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల ఈ పరీక్ష ఉండదు, అప్పుడు మీరే పెద్దల దగ్గరికి వెళ్ళి, "నాలో మీకు ఏం కనిపిస్తోంది? మొహమాటం లేకుండా చెప్పండి" అని అడగాలి. వాళ్ళు "ఇప్పుడే వద్దు" అంటే దాన్ని కూడా ప్రభువు నోటి మాటగా తీసుకోగలరా? నన్నడిగితే, తీసుకోగలిగినవాళ్ళే సేవకు పనికొస్తారు.

పెద్దలకూ ఒక మాట. వద్దన్నప్పుడు ఆ పిల్లవాణ్ణి ఉత్త చేతులతో పంపకండి. బడులు తెరిచే జూన్‌లో మా సంఘంలో టీచర్లను, ఆసుపత్రిలో చేసే నర్సులను, ఆర్టీసీ కండక్టరును, అంగన్‌వాడీ ఆయాను ముందుకు పిలిచి, పాస్టర్లను ప్రతిష్ఠించేటప్పుడు ఉంచినట్టే చేతులుంచి ప్రార్థన చేశాం. సేవకు వెళ్ళాలని ఎంతో ఆశపడి ఆగిపోయిన ఒక అమ్మాయి కూడా వాళ్ళలో ఉంది, ఇప్పుడు గవర్నమెంటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఈ జూన్‌లోనూ చేస్తున్నాం. మీ పాస్టరు గారిని అడిగి మీ సంఘంలోనూ మొదలుపెట్టండి.